తడి గోతంలో తెచ్చిన పత్తి మొగ్గలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, శ్రావణమాసం మొదట్లో నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగుకు బదిలీ చేశారు. ఉద్యోగం వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు. పేరు పొడుగు, హోదా పొట్టి. నా పైన కడపలో జిల్లా వ్యవసాయాధికారి. నా కింద కూలీల పని చూసే ఒక మేస్త్రీ ఉండాలి గాని ఆ పోస్టు ఖాళీ. మధ్యలో నేనూ, మాటిమాటికీ గొలుసు ఊడిపోయే ఒక సర్కారు సైకిలూ.

తెలియనివారి కోసం చెబుతున్నాను. డిమాన్‌స్ట్రేటరు అంటే కొత్త విత్తనం, కొత్త ఎరువు రైతుకు చేసి చూపించి, ఒప్పించి వచ్చేవాడు. నేను ప్రొద్దుటూరులో తమలపాకులు, పూలు అమ్మే అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఒప్పించడం నాకు కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. మా నాయన ఆకుల కట్ట మీద చేయి పెట్టి ఎదుటి మనిషి మొహం చూస్తే చాలు, ఆ మనిషి ఎంతవరకు దిగి వస్తాడో ఆయనకు తెలిసిపోయేది. ఆ చూపు నాకూ వచ్చిందనే నమ్మకంతో ఉద్యోగంలో చేరాను. పులివెందుల తాలూకాలో నాలుగేళ్లు తిరిగాక, చూపు సంగతేమో గాని కాళ్లు మాత్రం అరిగిపోయాయని అర్థమైంది. జమ్మలమడుగులో బస్సు దిగేనాటికి నాకు ముప్పై రెండేళ్లు. అలసట అరవై ఏళ్లవాడిది.

జమ్మలమడుగులో అప్పగించిన పని పత్తి సంకరం. ఆ వైపు నల్లరేగడిలో వేసే నాటు పత్తి వానకు, ఎండకు ఓర్చుకుంటుంది గాని పింజె, అంటే దూది పోగు, పొట్టిది. అదే జాతిలో పొడుగు పింజె రకం ఒకటుంది. అది నీళ్లున్న చోట తప్ప నిలవదు. రెంటినీ కలిపి ఓర్పూ పొడుగూ ఉన్న విత్తనం తీయవచ్చునేమో చూడాలి. ఊరికి తూర్పున ఒక రైతు దగ్గర కౌలుకు తీసుకున్న రెండెకరాల చేను మా ప్రయోగశాల.

సంకరం చేసే పద్ధతి వినడానికి తేలిక. పత్తి పువ్వులో ఆడభాగం, మగభాగం ఒకే చోట ఉంటాయి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు పగలు మూడో జాములోనే గుర్తుపట్టాలి. బొటనవేలి గోరుతో మొగ్గ అడుగున చుట్టూ గీత పెట్టి, రేకులనూ వాటితోపాటు పుప్పొడి తిత్తులున్న తొడుగునూ ఒక్క లాగుతో తీసేయాలి. నడుమ సన్నని కీలం, పువ్వులోని ఆడభాగం, ఒక్కటే మిగలాలి. గోరు కాస్త లోతుగా దిగితే లోపలి లేత కాయ చస్తుంది, కాస్త పైపైన పోతే పుప్పొడి మిగిలిపోయి తన పువ్వుకు తానే పనికివస్తుంది. తీసిన మొగ్గకు పల్చటి కాగితపు సంచి తొడగాలి. మర్నాడు పొద్దు బారెడెక్కాక, మగరకం పువ్వు తెచ్చి ఆ కీలం కొసకు రుద్ది, మళ్లీ సంచి తొడిగి, తేదీ రాసిన చీటీ దారంతో కట్టాలి. కలిసిందా లేదా అన్నది వారంలో తెలుస్తుంది. కలిస్తే కాయ నిలుస్తుంది. కలవకపోతే తొడిమ పసుపుబారి రాలిపోతుంది.

ఈ పనికి నాకు దొరికిన మనిషి హుసేనమ్మ. దూది ఏకే కుటుంబం. అప్పటికి నలభై దాటి ఉంటాయి. దూది విల్లు పట్టే భర్తకు నూగు రొమ్ములో చేరి దగ్గు తప్ప వేరే పని లేకుండా పోయింది. ఆమె మస్టరు రోల్ కూలీగా వచ్చేది. మస్టరు రోల్ అంటే ఏ రోజు వస్తే ఆ రోజుకు పేరు వేసే హాజరు పట్టీ. పత్తి పూత అయిపోతే ఆ పట్టీ కూడా అయిపోతుంది. ఆమె బొటనవేలి గోరును మాత్రం నేను మరచిపోలేను. గంటకు నలభై మొగ్గలు తీసేది, ఒక్కదానికీ లోపల గాటు పడేది కాదు. నేను పది తీస్తే నాలుగు చచ్చేవి.

చేయి అలవాటు కావడానికి మొదటి పదిహేను రోజులూ మా చేనిలోని నాటు పత్తి పూలతోనే సంకరం చేయించాను. పదింట ఆరేడు కాయలు నిలిచాయి. నేను కడపకు రాశాను: మేస్త్రీ పోస్టు ఖాళీగా ఉంది, ఈమెను వేయవచ్చు. అప్పటిదాకా మా జిల్లాలో ఆ పోస్టులో ఆడమనిషి లేదు. అధికారి సందేహించారు. నేను కడప వెళ్లినప్పుడు బేరానికి కూర్చున్నట్టే కూర్చుని, నిబంధనల్లో ఆడ, మగ అన్న మాట లేదని చూపించి, సగం ఒప్పించి వచ్చాను. మార్గశిరం చివర జాబితా తయారవుతుంది, అప్పటికి పని ఫలితం చూపించండి అన్నారాయన. మేస్త్రీ పోస్టు అంటే ఏడాది పొడుగునా పని. ఈ మాట హుసేనమ్మకు చెప్పినప్పుడు ఆమె సంతోషించలేదు. తీయబోతున్న మొగ్గను వదిలేసి నావైపు చూసింది.

“నిజంగానే చెప్తాండావా సారూ? నా మొగునికి చెప్పల్లా వద్దా? చెప్పినాక కాదంటే ఆయప్ప దగ్గు ఇంకా ఎక్కువైతాది.”

“చెప్పు,” అన్నాను. అంగడివాడి ధీమా.

చిక్కు ఆ తరువాత వచ్చింది. మగరకంగా వాడవలసిన పొడుగు పింజె విత్తనం మా చేనిలో సగం మొదట్లోనే మొలవలేదు. మొలిచిన సగాన్ని ఒక ఆదివారం ఎవరివో ఎనుములు మేసి పోయాయి. పూత జోరందుకుంది, ఆడ మొక్కలున్నాయి, మగ పూలు లేవు. పూత ఇంకో ఏడు వారాలకు మించి ఉండదు. ఒక ఏడాది పోయినట్టే.

అప్పుడు నాకు తొండూరు గుర్తొచ్చింది. పులివెందులలో ఉండగా అక్కడ ఓబుళరెడ్డి అనే రైతుకు బావి కింద అదే పొడుగు పింజె రకం నేనే వేయించాను. మధ్యాహ్నం తొండూరులో మొగ్గలు కోసి సాయంత్రం బస్సెక్కితే, ముద్దనూరు మీదుగా పెన్న దాటి, దీపాలు పెట్టే వేళకు జమ్మలమడుగు చేరవచ్చు. మొగ్గలు మర్నాడు బుట్టలోనే విచ్చుకుంటాయి. ఈ ఉపాయం కడపకు రాస్తే అధికారి మెచ్చుకుంటూ జవాబు రాశారు. ఆ జవాబును నేను నాలుగుసార్లు చదువుకున్నాను.

రోజు విడిచి రోజు ప్రయాణం. ఓబుళరెడ్డి గట్టు మీద కూర్చుని నవ్వేవాడు.

“ఏందప్పా సారూ, పత్తి కాయగా కాకముందే మొగ్గల్లోనే కోసకపోతాండావు. మీ నాయన అంగట్లో పెట్టి మూరలెక్కన అమ్ముతావా ఏంది?”

“పెండ్లికి, రెడ్డీ. జమ్మలమడుగులో ఆడపెండ్లివారు కాచుకోనుండారు,” అనేవాణ్ణి.

“అయితే మొగపెండ్లివాళ్లం మాకు తాంబూలమన్నా ఇయ్యి. ఆకుల అంగడోళ్లు గదా మీరు.”

ఇక్కడ నా పుట్టుక నన్ను పట్టుకుంది. పూలు వాడకుండా దూరం తీసుకుపోవడం నాకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఏ వ్యవసాయోద్యోగికీ తెలియదని నా గర్వం. మా అంగడిలో ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఒక్క మల్లె వాడేది కాదు. పద్ధతి ఇదీ: బుట్ట అడుగున తడిపిన గోతం, దాని మీద అరటి ఆకు, మీద పూలు, మళ్లీ తడి గుడ్డ. తీసి అమ్మే ముందు చేత్తో నీళ్లు చిలకరించాలి. రేకు మీద నీటిబొట్టు ఉంటేనే కొనేవాళ్లు తాజా సరుకని నమ్ముతారు. పత్తి మొగ్గలను నేను అట్లాగే తెచ్చాను. పొద్దున చేనిలో బుట్ట విప్పి, విచ్చుకుంటున్న పసుపు పూల మీద చేయి తడిపి నీళ్లు చిలకరించాను. చూడముచ్చటగా ఉన్నాయి.

హుసేనమ్మ మొదటి పువ్వు తీసుకుని వేళ్ల మధ్య తిప్పింది.

“ఏంది సారూ ఇది, ఇంత తడిగా ఉండాయి? పొడి రాలడం ల్యా. ముద్దగా అంటుకోనుండాది.”

“తాజాగా ఉన్నాయమ్మా. ముప్పై మైళ్లు వచ్చాయి అవి.”

“తాజా సంగతి కాదు నాయనా. దూదికి తడి తగిల్తే మా ఇంట్లో విల్లు దించి పక్కన పెడతారు. ఎండబెట్టిందాకా ముట్టరు. ఇదీ దూది చెట్టు పొడే గదా. ఒక గడియ ఆరనియ్యి.”

నేను నవ్వాను. మూడు తరాలుగా పూల వ్యాపారం చేస్తున్న కుటుంబం మాది, నువ్వు నాకు పూల సంగతి చెబుతావా అన్నాను. ఆమె ఆ తడి పూలనే వందల కీలాలకు రుద్దింది. ప్రతి దానికీ సంచి తొడిగింది, చీటీ కట్టింది.

ఆరో రోజు నుంచి రాలడం మొదలైంది. నేను ప్రయాణాలు ఆపలేదు, ఇంకా తడిపాను. వాడిపోవడం వల్లనే రాలుతున్నాయని నా లెక్క. రెండు వారాలు గడిచేసరికి, తొండూరు పూలతో చేసిన మొగ్గల్లో నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొక్కల కింద నేలంతా చీటీలు కట్టిన ఎండు మొగ్గలు. బస్సు కుదుపులకు నడుము పట్టేసింది. గొంతులో ఎప్పుడూ ముద్దనూరు దారి దుమ్ము. అట్లాంటి స్థితిలో మనిషి తప్పు తన దగ్గర వెతకడు. దగ్గరున్న మనిషి దగ్గర వెతుకుతాడు.

ఆఫీసు రాతలు అప్పట్లో ఇంగ్లీషులోనే ఉండేవి. నేను రాసినదాన్ని తెలుగులో చెబితే ఇది: సంకర కార్యంలో చేతిపని అజాగ్రత్తగా ఉన్నందున కాయలు నిలువలేదు, కాబట్టి సదరు కూలీని మేస్త్రీ పోస్టుకు చేసిన సిఫారసు ఉపసంహరించుకొనడమైనది. రాసిన రోజే టపాలో వేశాను. మర్నాడు హుసేనమ్మను పనికి రావద్దన్నాను.

“ఎందుకు?” అంది.

కారణం చెప్పాను.

“నాటు పూలతో చేసినప్పుడు ఈ చెయ్యే గదా. అప్పుడు నిలబడె, ఇప్పుడు రాలె. చెయ్యి మారిందా, పూలు మారినాయా?” అంది. కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ ప్రశ్న నన్ను విడవలేదని చెప్పుకోవడం బాగుంటుంది. నిజానికి నేను దాన్ని మరచిపోయి తొండూరు బస్సెక్కాను. మూడో రోజు పొద్దున చేనికి వచ్చేసరికి ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ వెదురు బుట్ట, పొడిగుడ్డ.

“పనికి రాల్యా. బేరానికొచ్చినా,” అంది.

బేరం అనేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. చెప్పమన్నాను.

ఈసారి నేను తెచ్చే మొగ్గల్లో సగం ఆమె పొడి బుట్టలో, సగం నా తడి బుట్టలో రావాలి. ఒకే వరస మొక్కలు, ఒకే పొద్దు. ఇరవై పూలు పొడివి, ఇరవై తడివి. నేను వెంటనే కోత పెట్టాను. ఇరవై ఎందుకు, పదేసి చాలు అన్నాను. పది అయితే గాలికి రెండు రాలినా లెక్క మారిపోతుందంది. నిజమే. సరేనన్నాను. నాటు మొక్కల మొగ్గలు ముందురోజు ఎవరు తీయాలన్నాను. నలభైటినీ ఆమే తీస్తుందట, నా గోరు సంగతి ఆమెకు తెలుసట. దానికీ సరేనన్నాను. నేను గెలుస్తున్నానన్న ఊపులో ఉండగా చివరి మాట అంది.

“పొడి పూలు నేను రుద్దుతా. తడి పూలు నువ్వే రుద్దు సారూ. నా చెయ్యి మంచిది కాదని రాస్తివి గదా. నీ చెయ్యి మంచిదే గదా.”

అక్కడ దొరికిపోయాను. ఆమె పూలు నిలిస్తే ఆమె చేయి మంచిది. నావి రాలితే ఆ నేరం ఆమె చేతి మీద వేయడానికి వీలు లేదు. మా నాయన అక్కడ ఉంటే ఆమెకు ఆకుల కట్ట ఒకటి ఊరికే ఇచ్చి పంపేవాడు.

మర్నాడు తొండూరులో రెండు బుట్టల్లో మొగ్గలు నింపాను. ఓబుళరెడ్డి అడిగితే ఒకటి పెండ్లికొడుకుది, ఒకటి తోడు పెండ్లికొడుకుది అన్నాను. పొద్దున విప్పి చూస్తే పొడి బుట్టలోవి రేకులు ముడతలు పడి, వాడి, ఎవరూ కొనని సరుకులా ఉన్నాయి. తడి బుట్టలోవి నవనవలాడుతున్నాయి. నాకు లోపల ధైర్యం వచ్చింది. ఆమె ఒక వాడిన పువ్వు తీసి అరచేతి మీద తట్టింది. పసుపు పొడి పిండిలా రాలింది. నేను నా పువ్వు తట్టాను. ఏమీ రాలలేదు. ఆమె నావైపు చూడకుండా పనిలోకి దిగింది. చీటీలకు ఆమె నల్లదారం కట్టింది, నేను తెల్లదారం.

ఏడో రోజు చేనికి వెళ్లేసరికి ఆమె నా కోసం కాచుకుని ఉంది. రాలినవాటిని ఒడిలో పోగుచేసి తెచ్చి నా ముందు గట్టు మీద పోసింది. తెల్లదారం చీటీలు పంతొమ్మిది. నల్లదారంవి ఎనిమిది. నల్లదారంవాటిలో మిగిలిన పన్నెండూ మొక్కల మీద ఆకుపచ్చగా ఉన్నాయి.

“సూడు సారూ, నీ చేతి గుణం,” అంది.

కారణం తెలియాలి. జమ్మలమడుగు హైస్కూలులో సైన్సు మాస్టరు గదిలో ఒక పాత సూక్ష్మదర్శిని ఉండేది. అడిగి, అద్దం ముక్క మీద పొడి పువ్వు పుప్పొడి రాల్చి చూశాను. గుండ్రని గింజలు, ఒంటి నిండా చిన్న చిన్న ముళ్లు. చూస్తూండగానే పక్క నుంచి ఒక్క చుక్క నీళ్లు వదిలాను. గింజలు ఉబ్బాయి. రెప్పపాటులో ఒకటి పగిలింది, దాని పక్కది పగిలింది, లోపలి పదార్థం పొగలా నీళ్లలోకి కారిపోయింది. నేను తొండూరు నుంచి బస్సులో మోసుకొచ్చింది ఆ ఖాళీ పెంకులను.

పుస్తకంలో ఉన్నదే. చదివాను కూడా, పరీక్షకు. పుప్పొడి గింజ కీలం కొస మీద పడ్డాక అక్కడున్న కొద్దిపాటి చెమ్మను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. ఆ చెమ్మతో మేల్కొని ఒక సన్నని గొట్టాన్ని బయటికి తోస్తుంది. ఆ గొట్టం కీలం లోపలి మెత్తని దారిలో దిగుతుంది, తాను పోయేకొద్దీ పెరుగుతుంది. ఒక పగలు, కొన్నిటికి ఒక రాత్రి కూడా పడుతుంది. అడుగున ఇరవయ్యో ముప్పయ్యో అండాలుంటాయి. ఒక్కొక్క అండానికి సూది మొనంత సందు ఒకటి. ఒక గొట్టం ఒక అండంలోకి మాత్రమే పోతుంది. దానిలో రెండు మగకణాలు వస్తాయి. ఒకటి అండకణంతో కలిసి రేపటి మొలక అవుతుంది, రెండోది ఆ మొలకకు తిండి సిద్ధం చేసే భాగంతో కలుస్తుంది. రెండూ జరిగితేనే గింజ. గింజలు పట్టకపోతే చెట్టు ఆ కాయను మోయదు, వదిలేస్తుంది. ఇంత దూరం పోవలసిన గింజకు నీళ్లు ఎంత కావాలో పువ్వు కొలిచి ఇస్తుంది. నేను కుమ్మరించాను.

అదే రోజు కడపకు రాసి ఉండవలసింది. రాశాను కూడా. ఏమి రాశానన్నదే అసలు సంగతి. కాగితం ముందు పెట్టుకుని, తప్పు పూర్తిగా ఒప్పుకుంటే ఎంత దెబ్బ, సగం ఒప్పుకుంటే ఎంత అని బేరం మొదలుపెట్టాను, ఇటువైపూ నేనే, అటువైపూ నేనే. చివరికి కుదిరిన మాట ఇది: తెల్లవారుజాము మంచు కారణంగా పుప్పొడికి తేమ తగిలి కాయలు నిలువకపోయి ఉండవచ్చు. ‘ఉండవచ్చు’ మీద నాకు ముచ్చటేసింది. హుసేనమ్మ పేరు ఎత్తలేదు. కారణం మంచు అయినప్పుడు ఆమె మీద రాసింది దానంతట అదే పోతుందిలే అనుకున్నాను. ఆమెను మాత్రం మళ్లీ పనిలోకి రమ్మన్నాను.

ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. అధికారి నా అంత తెలివైనవారు కాకపోయినా నాకన్నా శ్రద్ధగా చదివేవారు. అదే చేనిలో నాటు పూలతో చేసిన కాయలు నిలిచినట్టు మీరే రాశారు, మంచు తొండూరు పూల మీద మాత్రమే కురిసిందా? ఇదీ మొదటి ప్రశ్న. కూలీ మీద ఇచ్చిన నివేదిక ఉన్నట్టా, రద్దయినట్టా? ఇది రెండోది.

ఆ రోజు మొత్తం రాశాను. తడి గోతం, అరటి ఆకు, చిలకరించిన నీళ్లు, ఆమె మొదటి రోజే చెప్పిన మాట, తెల్లదారం, నల్లదారం. టపాను నమ్మక మర్నాడే బస్సెక్కి కడప వెళ్లి చేతికిచ్చాను. అధికారి నిలబెట్టే చదివారు. మేస్త్రీల జాబితా మీద రెండు రోజుల కిందట సంతకం అయిపోయిందన్నారు. వీరపునాయునిపల్లె దగ్గర మూతపడిన ఒక విత్తనాల క్షేత్రం నుంచి ఒకతన్ని జమ్మలమడుగుకు వేశారట. ఇంకో ఖాళీ ఎప్పుడని అడిగాను. ఇప్పట్లో లేదన్నారు. వేరే పేరుతో ఏదైనా పోస్టు, లేదా పథకం ముగిసేదాకా తాత్కాలికంగా, అని నాకు తెలిసిన మెట్లన్నీ దిగి చూశాను. ఆయన చివరిదాకా విని, ఈ కాగితం మంచు కాగితానికి బదులు వచ్చి ఉంటే సరిపోయేదన్నారు. నా సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం ఎక్కింది. అది న్యాయమే గనుక ఇక్కడ తిరిగి రాయను.

హుసేనమ్మకు చేనిలోనే చెప్పాను. మంచు సంగతితో సహా చెప్పాను. ఆమె మొగ్గలు తీస్తూనే వింది.

“మంచు మీద పెట్టినావా సారూ?” అంది. “పోనీలే, దానికి నోరు ల్యాదు. నాకు నోరుండి మాత్రం ఏం లాభమాయె. మొదటి దినమే చెప్తి.”

నేను ఏదో అనబోయాను.

“వద్దులే నాయనా. నువ్వు మాట్లాడితే బేరం మాదిరిగానే ఉంటాది. ఈ పొద్దు తొండూరికి పోతాండావా?”

“పోతున్నా.”

“నా బుట్ట తీసకపో. ఆ గోతం మీ నాయనకు పంపించు.”

పూత ముగియడానికి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ బుట్ట ఆమే విప్పింది, విప్పే ముందు నా చేతులు కూడా గుడ్డతో తుడుచుకోమనేది. ఆ ఏడాది చేతికొచ్చిన సంకర విత్తనం ఒక తువ్వాలు మూటకు సరిపోయింది. కొత్త మేస్త్రీ వచ్చాడు. మంచివాడే. మొగ్గ తీయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆమె మరి రెండు పూతలు కూలీగా వచ్చింది. మూడో ఏడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, పథకం మూసేశారు. నాకు బదిలీ అయింది. ఆమె భర్త దగ్గు గురించి నేను ఎప్పుడూ అడగలేదు.

తరువాత ఉద్యోగంలో చాలా ఏళ్లు కుర్రవాళ్లకు సంకరం నేర్పించాను. పొడి చేతులతో, పొడి బుట్టతో మొదలుపెట్టించేవాణ్ణి. కారణం అడిగితే పుప్పొడి పగలడం చూపించేవాణ్ణి. రెండో కాగితం, అంటే ఆ మంచు కాగితం, సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, పనిలో ఉన్నవారికి పనికివస్తుందని. మొదటి తప్పు తెలియక చేసింది. సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచిన తరువాత నాకు తెలియనిదేమీ లేదు. ఉత్తరం సమయానికే కడప చేరింది, జాబితా అప్పటికి ఇంకా తెరిచే ఉంది. అది కూడా తొండూరు పూల మాదిరే వేళకు చేరింది. దానిమీద కూడా పంపే ముందు నేను నీళ్లు చిలకరించాను.